ఫ్రీడీవీ 700డీ: సిగ్నల్ బలంగా ఉన్నా నిమిషన్నరకోసారి సింక్ పోతోంది, "బండి" అంటే "పండి" అని వినిపిస్తోంది

తెనాలి_రిసీవర్:

అందరికీ నమస్కారం.

నాది తెనాలి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. హ్యామ్ రేడియో లైసెన్స్ వచ్చి నాలుగేళ్లయింది. రేడియో యూబిటెక్స్ వీ6, హైదరాబాద్‌లో అష్హర్ ఫర్హాన్ గారు డిజైన్ చేసిన సెట్టు. డాబా మీద 40 మీటర్ల ఇన్వర్టెడ్ వీ యాంటెన్నా కట్టాను. లినక్స్ వేసిన పాత ల్యాప్‌టాప్, దానికి చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు. ఆ కార్డు రేడియోకే వాడుతున్నాను. మాట్లాడేది ల్యాప్‌టాప్ సొంత మైకులో. మాటను డిజిటల్‌గా మార్చి రేడియోలో పంపే ఫ్రీడీవీ ప్రోగ్రామ్‌ను సోర్స్ నుంచి నేనే బిల్డ్ చేసుకున్నాను.

ఆదివారం ఉదయం పదింటికి కర్నూలులో ఉన్న మిత్రుడితో 7.177 మెగాహెర్ట్జ్ మీద ప్రయత్నిస్తున్నాం. మా మధ్య దూరం 280 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మామూలు ఎస్ఎస్‌బీలో (డిజిటల్ కాని మాటలో) ఇద్దరం ఒకరికొకరు ఫైవ్ నైన్, అంటే స్పష్టంగా, బలంగా. ఫ్రీడీవీలోని 700డీ అనే మోడ్‌కు మారగానే రెండు ఇబ్బందులు వస్తున్నాయి.

ఒకటి, అవతల సింక్ (సిగ్నల్‌ను పట్టుకున్నానన్న గుర్తు) వెంటనే పచ్చగా వెలుగుతుంది, ఎస్ఎన్ఆర్ (సిగ్నల్‌కు, నాయిస్‌కు తేడా) 9, 10 డీబీ చూపిస్తుంది. నేను పేపర్లో వ్యవసాయం పేజీ తీసి ఆపకుండా చదువుతాను. నిమిషన్నర దాటాక ఉన్నట్టుండి సింక్ పోయి, ఒకటి రెండు సెకన్లలో మళ్లీ వస్తుంది. ఇంకో నిమిషన్నరకు మళ్లీ అదే. రెండోది, మాట సరిగ్గా అందడం లేదు. నేను "బండి" అంటే ఆయనకు "పండి", "గాలి" అంటే "కాలి" అని వినిపిస్తోంది. కాల్‌సైన్ ఇంగ్లిష్‌లో చెబితే మాత్రం ఒక్కసారికే అందుతోంది.

రేడియో వేడెక్కి ఫ్రీక్వెన్సీ జరుగుతోందేమోనని గంటసేపు ఆన్‌లో ఉంచి చూశాను, మార్పు లేదు. కేబుల్‌తో రెండు ల్యాప్‌టాప్‌లు కలిపి చూస్తే చక్కగా పనిచేసింది. ఇందులో మాటను బిట్లుగా మార్చే కోడెక్‌ను ఇంగ్లిష్ గొంతులతో తయారు చేశారు కాబట్టి తెలుగు దానికి పట్టడం లేదా అని కూడా అనుమానం.

ఈసారి ఫైనలియర్ పిల్లలు నలుగురు దీన్నే ప్రాజెక్టుగా తీసుకున్నారు. డెమోకు మూడు వారాలే ఉంది. వాళ్లకంటే నాకే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

73


గచ్చిబౌలి_బిల్డ్:

సర్, సోర్స్ నుంచి బిల్డ్ చేశానన్నారు కాబట్టి ముందు ఒక్కటి చూడండి. మీ లినక్స్‌తో వచ్చిన, ఫ్రీడీవీ వాడుకునే కోడెక్2 లైబ్రరీ పాతది ఒకటి సిస్టమ్‌లో ఉండి, మీరు కొత్తగా కట్టింది ఇంకో ఫోల్డర్‌లో ఉందా? నాకు సరిగ్గా ఇలాగే అయింది. ప్రోగ్రామ్ కొత్తది, నడిచేటప్పుడు పట్టుకునే లైబ్రరీ పాతది. తెరుచుకుంటుంది, మోడ్‌లు కనిపిస్తాయి, డీకోడ్ మాత్రం చెత్తగా వస్తుంది. ఎల్‌డీడీ కమాండ్‌తో ఫ్రీడీవీ ఏ ఫోల్డర్‌లోని లైబ్రరీని తీసుకుంటోందో చూస్తే తెలిసిపోతుంది. పాతదాన్ని తీసేసి, బిల్డ్ ఫోల్డర్ పూర్తిగా చెరిపి మళ్లీ కట్టండి.


తెనాలి_రిసీవర్:

మీరు చెప్పినట్టే చూశాను, నిజంగానే రెండు ఉన్నాయి. పాతది తీసేసి మళ్లీ కట్టాను. సాయంత్రం కర్నూలుతో చూశాం. ఇబ్బంది అలాగే ఉంది, మొదటిసారి సింక్ పోయింది 1 నిమిషం 37 సెకన్లకు. అయినా ఒక అనుమానం తీరింది, థాంక్స్.


కర్నూలు_40మీ:

వినేది నేనే కాబట్టి నా వైపు కనిపించేది రాస్తాను.

ఇద్దరం ఎల్ఎస్‌బీలోనే (ఎస్ఎస్‌బీలో కింది సైడ్‌బ్యాండ్) ఉన్నాం, అది ముందే సరిచూసుకున్నాం. వాటర్‌ఫాల్‌లో (తెర మీద సిగ్నల్ బొమ్మలో) ఆయన సిగ్నల్ నిటారుగా నిలబడి ఉంటుంది, పక్కకు వాలడం లేదు. ఫ్రీక్వెన్సీ ఆఫ్‌సెట్ 12 హెర్ట్జ్ దగ్గర కదలకుండా ఉంటుంది. సింక్ పోయే క్షణంలో ఫేడింగ్ లేదు, క్యూఆర్ఎం (వేరే స్టేషన్ల అడ్డు) లేదు, ఎస్ఎన్ఆర్ పడిపోదు. అంతా బాగుండగానే పోతుంది. స్టాట్స్ పెట్టెలో రీసింక్ (సింక్ పోయి మళ్లీ దొరకడం) లెక్క ఒకటి పెరుగుతుంది.

రేడియో నుంచి వచ్చిన ఆడియోను ఫైలుగా రికార్డ్ చేసి, రేడియో ఆపేసి, ఆ ఫైలునే మళ్లీ ఫ్రీడీవీకి వినిపించాను. అవే చోట్ల సింక్ పోయింది. అంటే దెబ్బ ఆ ఫైల్లోనే ఉంది. అది తెనాలిలో తగిలిందా, నా సౌండ్ కార్డులో తగిలిందా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. క్లాక్ ఆఫ్‌సెట్ చాలా చిన్నగా చూపిస్తోంది, కాబట్టి సౌండ్ కార్డుల గడియారాలు బాగానే ఉన్నాయనుకుంటున్నాను.


వైజాగ్_ఓఎం:

తెనాలి మాస్టారికి, కర్నూలు మిత్రుడికి నమస్కారం. ఇద్దరూ బాగా గమనించి రాశారు కాబట్టి నేను కూడా వివరంగా రాస్తాను. కొంచెం పొడవవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు సింక్ సంగతి. మీరిద్దరూ రాసినదాంట్లో నాకు పట్టుకున్న మాట ఒకటే: నిమిషన్నర. సరిగ్గా 97 సెకన్లకు ఒకసారి. ఐనోస్ఫియర్‌కు (రేడియో అలల్ని తిప్పి పంపే పైపొరకు) గడియారం ఉండదు. ఫేడింగైతే ఒకసారి పది సెకన్లకు, ఒకసారి మూడు నిమిషాలకు వస్తుంది. వేడికి జరిగే ఫ్రీక్వెన్సీ అయితే మెల్లగా ఒకవైపుకు పోతుంది. లెక్క తప్పకుండా వచ్చేది ఏదైనా ఉంటే అది రెండు గడియారాల మధ్య తేడా. నేను ముప్పై ఏళ్లు ఒక రేడియో స్టేషన్‌లో ఇంజినీరుగా చేశాను. స్టూడియో డిజిటల్‌కు మారిన కొత్తలో ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి పాట పంపుతుంటే ఇంతసేపటికొకసారి "టిక్" మని వినిపించేది. వారం రోజులు కేబుళ్లు మార్చాం, ఎర్తింగ్ తవ్వాం. చివరికి తేలిందేమిటంటే, రెండు యంత్రాలూ సెకనుకు 48,000 శాంపిళ్లు అనే చెప్పుకుంటున్నాయి, కానీ ఒకదాని 48,000 ఇంకోదానికి సమానం కాదు. రెంటికీ ఒకే మాస్టర్ క్లాక్ ఇచ్చాక టిక్ పోయింది. మీ ఉత్తరం చదవగానే నాకు ఆ టిక్ వినిపించింది.

మీ దగ్గర ఉన్న పరికరాలు చూద్దాం. మాట్లాడేది ల్యాప్‌టాప్ మైకులో, దానికొక క్రిస్టల్, అంటే ఒక గడియారం. రేడియోకు పోయేది యూఎస్‌బీ కార్డు నుంచి, దానికింకో క్రిస్టల్. ఫ్రీడీవీ మైకు నుంచి వచ్చే శాంపిళ్లను లెక్కపెట్టుకుని, అన్నే మోడెమ్ (బిట్లను రేడియోకు పంపే ధ్వనిగా మార్చే భాగం) శాంపిళ్లు తయారుచేసి, మధ్యలో ఒక ఫిఫోలో (ముందు పోసింది ముందు తోడే తొట్టిలో) వేస్తుంది. యూఎస్‌బీ కార్డు తన వేగంతో అందులోంచి తోడుకుంటుంది. తోడేవాడు పోసేవాడికంటే రవ్వంత వేగంగా ఉంటే ఫిఫో మెల్లగా ఖాళీ అవుతుంది. ఖాళీ అయిన క్షణంలో గాలిలోకి వెళ్లే సిగ్నల్‌లో ఒక ఖాళీ పడుతుంది. ఒక బఫర్ 20 మిల్లీసెకన్లు అనుకుని లెక్క వేయండి. 97 సెకన్లకు 20 మిల్లీసెకన్లు అంటే పది లక్షలకు 206. చవక కార్డుల్లో ఇది వింతేమీ కాదు.

ఎస్ఎస్‌బీలో ఇది మీకు ఎందుకు తెలియడం లేదంటే, అక్కడ మీరు రేడియో మైకునే వాడతారు, ల్యాప్‌టాప్ దారిలోనే లేదు. ఒకవేళ ఉన్నా 20 మిల్లీసెకన్ల ఖాళీని చెవి పట్టించుకోదు. 700డీ పట్టించుకుంటుంది. దాని ఓఎఫ్‌డీఎం (ఒకేసారి చాలా క్యారియర్ల మీద పంపే పద్ధతి) ఫ్రేమ్ 160 మిల్లీసెకన్లు. అందులో ఎనిమిది సింబళ్లు, ఒక్కొక్కటి 20 మిల్లీసెకన్లు. మొదటిది పైలట్, అంటే అవతలి మోడెమ్‌కు ముందే తెలిసిన గుర్తు. మీ ఖాళీ సరిగ్గా ఒక సింబల్ అంత. అవతలి మోడెమ్ పైలట్ కోసం చూసే చోట డేటా ఉంటుంది. 17 క్యారియర్లూ ఒక్కసారే ఒక మెట్టు తప్పుతాయి. కొన్ని ఫ్రేములు చూసి, కుదరక, సింక్ వదిలేసి మళ్లీ వెతుక్కుంటుంది. అదే మీ ఒకటి రెండు సెకన్ల మౌనం.

కర్నూలు మిత్రుడు క్లాక్ ఆఫ్‌సెట్ చిన్నగా ఉందన్నారు. అక్కడే చాలామంది పొరబడతారు. ఆ అంకె చెప్పేది తెనాలిలో రేడియోకు తగిలించిన కార్డుకు, కర్నూలులో రేడియోకు తగిలించిన కార్డుకు మధ్య తేడా. తెనాలిలో మైకు కార్డుకు, రేడియో కార్డుకు మధ్య తేడా అందులో కనిపించదు. కాబట్టి ఆ అంకె చిన్నగా ఉన్నంత మాత్రాన తెనాలి ల్యాప్‌టాప్ మీద అనుమానం పోదు.

ఇది నా ఊహ. నిజమో కాదో తేల్చుకునే దారి చెబుతాను, ఇందులో కొత్తగా కొనాల్సిందేమీ లేదు. ఫ్రీడీవీ టూల్స్ మెనూలో మాడ్యులేటర్ నుంచి వచ్చేదాన్ని ఫైలుగా రికార్డ్ చేసే వీలుంది. మైకులో నాలుగు నిమిషాలు చదివి ఆ ఫైలు తీసుకోండి. అది సౌండ్ కార్డును ఇంకా చేరని సిగ్నల్. దాన్ని కోడెక్2తో వచ్చే డీకోడ్ కమాండ్‌తో డీకోడ్ చేయండి. ఎక్కడా తెగకపోతే మోడెమ్ మీద, మీ బిల్డ్ మీద అనుమానం వదిలేయొచ్చు. తర్వాత అదే ఫైలును మామూలు ఆడియో ప్లేయర్‌తో యూఎస్‌బీ కార్డుకు పంపి, రేడియోను చేత్తో ట్రాన్స్‌మిట్‌లో పెట్టండి. ఇప్పుడు మైకు లేదు, ఒకే గడియారం. కర్నూలులో రీసింక్ లెక్క సున్నా దగ్గరే ఉంటే నా మాట నిజమైనట్టే. అప్పుడు కూడా తెగితే కర్నూలు వైపు వెతుకుదాం.

కేబుల్ పరీక్ష ఎంతసేపు చేశారో రాయలేదు. అర నిమిషం చేసి ఆపేసి ఉంటారు. 97 సెకన్ల జబ్బు అర నిమిషంలో కనిపించదు.

ఇంకో మాట. మీరు బిల్డ్ చేసేటప్పుడు ఆడియోకు పోర్ట్‌ఆడియో ఎంచుకున్నారా, పల్స్‌ఆడియోనా? పోర్ట్‌ఆడియోతో కట్టి, పరికరాల జాబితాలో నేరుగా హార్డ్‌వేర్ పేర్లు ఎంచుకుంటే రెండు కార్డుల మధ్య తేడాను సర్దేవాళ్లు ఎవరూ ఉండరు. పల్స్‌ఆడియో దారిలో వెళితే, ఈ రోజుల్లో చాలా లినక్స్‌లలో దాని వెనక ఉండేది పైప్‌వైర్, అది రెండో కార్డు వేగాన్ని గమనిస్తూ రవ్వంత రీశాంపుల్ చేసి సర్దుతుంది.

డ్రైవ్ (రేడియోకు తోసే ఆడియో బలం) గురించి కూడా అడగాలి. యూబిటెక్స్‌లో ఏఎల్‌సీ (డ్రైవ్ మితిమీరితే తగ్గించే సర్క్యూట్) లేదు. ఫ్రీడీవీ మాన్యువల్‌లో ఏఎల్‌సీ ముల్లు కదిలీ కదలనట్టు పెట్టమంటారు, మీకు ఆ ముల్లే లేదు. మీ పవర్ మీటర్ సగటున ఎంత చూపిస్తోంది? ఓఎఫ్‌డీఎం సిగ్నల్‌లో సగటుకు, శిఖరానికి తేడా ఎక్కువ. క్లిప్పింగ్ లేకుండా 100 వాట్ల సెట్టులో సగటు 20 వాట్ల దగ్గర ఉంచుతారు. మీ 10 వాట్లకు అదే లెక్కన 2. సౌండ్ కార్డు లైన్ లెవెల్‌ను మైకు జాక్‌కు నేరుగా ఇచ్చి ఉంటే మీరు కచ్చితంగా ఎక్కువ తోస్తున్నారు. మధ్యలో లెవెల్ తగ్గించే అటెన్యుయేటర్, మైకు జాక్‌లో వచ్చే ఎలెక్ట్రెట్ బయస్ వోల్టేజీని ఆపడానికి ఒక కెపాసిటర్ ఉండాలి. ఫైవ్ నైన్ సిగ్నల్‌కు ఎస్ఎన్ఆర్ 10 దగ్గరే ఆగిపోవడం నాకు నచ్చలేదు. అది బ్యాండ్ నాయిస్ కాదు, మీ పీఏ (పవర్ ఆంప్లిఫయర్) వంకర అనుకుంటున్నాను. కర్నూలులో స్కాటర్ ట్యాబ్ (అందిన సింబళ్లను చుక్కలుగా చూపేది) తెరిచి చూస్తే నాలుగు గుంపులు విడివిడిగా ఉన్నాయో, పూసుకుపోయాయో తెలుస్తుంది.

వేడి గురించి మీరు పడిన అనుమానం మాత్రం పక్కన పెట్టొచ్చు. 700డీ 60 హెర్ట్జ్ లోపు ఉంటే పట్టుకుంటుంది. యూబిటెక్స్‌లో మూడు ఆసిలేటర్లూ ఒకే ఎస్ఐ5351 చిప్ నుంచి, ఒకే 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ నుంచి వస్తాయి. ఐఎఫ్ (రేడియో లోపల వాడే మధ్యంతర ఫ్రీక్వెన్సీ) 45 మెగాహెర్ట్జ్ అయినా, తప్పులన్నీ ఒకే నిష్పత్తిలో ఉండి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. చివరికి మిగిలే తప్పు 7 మెగాహెర్ట్జ్ మీదే. పది లక్షలకు ఒకటి జరిగితే 7 హెర్ట్జ్. ఫర్హాన్ గారి డిజైన్‌లో నాకు బాగా ఇష్టమైన విషయం ఇది.

ఇక "బండి", "పండి". ఇది నా మనసుకు దగ్గరి విషయం, దీని మీద నేను ఒక వేసవి మొత్తం పెట్టాను.

కోడెక్2కు భాష రాదు. అది అడిలైడ్‌లో ఉండే డేవిడ్ రో రాసిన కోడెక్. మాటను సైన్ అలల కట్టగా చూస్తుంది: శ్రుతి ఎంత, బలం ఎంత, నోటి ఆకారం వల్ల ఏ అల ఎంత పెద్దది, గొంతు కంపిస్తోందా లేదా. 700డీలో వాడేది 700సీ అనే కోడెక్. 40 మిల్లీసెకన్లకు 28 బిట్లు. నోటి ఆకారానికి 18, బలానికి 4, శ్రుతి, గొంతు కంపనం రెండూ కలిపి 6. ఆ 28 బిట్లలో ఒక మనిషి గొంతు గుర్తుపట్టేలా రావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కానీ గొంతు కంపిస్తోందా లేదా అన్నది 40 మిల్లీసెకన్లకు ఒక్కసారే చెబుతుంది. మన వ్యాకరణంలో పరుషాలు, సరళాలు అంటాం కదా, క చ ట త ప ఒకవైపు, గ జ డ ద బ ఇంకోవైపు. వాటి మధ్య తేడా అంతా ఆ కంపనంలోనే ఉంది. ఇంగ్లిష్ వాళ్లు మాట మొదట్లో ప పలికితే వెనకాల గాలి దెబ్బ ఉంటుంది, అది ఒక ఫ్రేమ్‌ను నింపేంత పొడవు, కోడెక్ దాన్ని జారవిడవదు. మన "ప"కు ఆ గాలి ఉండదు. పెదాలు విడిపోయిన వెంటనే గొంతు అందుకుంటుంది. తెలుగు మనిషి ప, బ తేడా చూపే సమయం ఒక్కోసారి 40 మిల్లీసెకన్ల సందులో ఇరుక్కుపోవచ్చు. మీ కాల్‌సైన్ అందడానికి, "బండి" అందకపోవడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం. కాల్‌సైన్‌లో ఏముంటుందో వినేవాడికి ముందే తెలుసు అన్నది కూడా మరచిపోకండి.

దీనికి పరీక్ష ఉంది. ఫ్రీడీవీలో 1600 అనే పాత మోడ్ ఉంది చూడండి. అందులో వాడేది కోడెక్2 1300. అదీ 40 మిల్లీసెకన్ల ఫ్రేమే, కానీ 52 బిట్లు, అందులో గొంతు కంపనానికి నాలుగు బిట్లు విడిగా ఉంటాయి, 10 మిల్లీసెకన్లకు ఒకటి. నేను కాలి–గాలి, కంప–గంప, పండి–బండి, తాత–దాత లాంటి జతలు రాసుకుని, నా గొంతుతో రికార్డ్ చేసి, రెండు కోడెక్‌ల గుండా పంపి, వరస కలిపేసి మా ఆవిడకు వినిపించాను. ఆమెకు రేడియోతో సంబంధం లేదు, విన్నది విన్నట్టు కాగితం మీద రాసింది. 1300లో దాదాపు అన్నీ సరిగ్గా రాసింది. 700సీలో పొరపాట్లన్నీ ఈ పరుష సరళాల దగ్గరే. అచ్చులు ఎక్కడా తప్పలేదు. మాస్టారూ, మీ పిల్లలు నలుగురి చేత ఇదే చేయించండి. రేడియో అక్కర్లేదు, సోర్స్‌తో వచ్చే ఎన్‌కోడ్, డీకోడ్ కమాండ్‌లు చాలు.

మీకు "బ" ఎప్పుడూ "ప" వైపే జారుతోంది, "ప" "బ" వైపు జారడం లేదు. అది ఇంకో ఆధారం. ల్యాప్‌టాప్ మైకు ఫ్యాన్ పక్కనే ఉంటుంది. ఆ హోరు కలిస్తే గొంతు కంపిస్తోందన్న గుర్తు బలహీనపడి కోడెక్ "లేదు" అని తీర్పు ఇస్తుంది. ఒక మామూలు హెడ్‌సెట్ మైకు పెట్టండి, ఫిల్టర్ కిటికీలో 700 మోడ్‌లకు ఆటో ఈక్యూ (మైకు స్వరాన్ని తనంతట తానే సరిచేసేది) ఉంది, అది ఆన్ చేయండి. ఆ 18 బిట్లు మీ మైకు వంకరను మోయడానికి కాకుండా మీ మాటను మోయడానికి పనికొస్తాయి.

డీ-స్టార్, డీఎంఆర్ అనే వేరే డిజిటల్ పద్ధతుల సెట్లు నేను కూడా వాడాను, వాటి మీద చిన్నచూపు లేదు. కానీ వాటిలో ఉండే ఏఎంబీఈ కోడెక్ మూసిన పెట్టె. అందులో "బండి" "పండి" అయితే ఎందుకయిందో మీ పిల్లలకు మీరు చూపించలేరు. ఇక్కడ ప్రతి బిట్టూ ఏ లైనులో పుడుతోందో చూపించగలరు. అందుకే ఇంత రాశాను.

పరీక్షలయ్యాక ఫలితం తప్పకుండా రాయండి. తప్పయితే నా ఊహ తప్పని రాయండి.

73


నిజామాబాద్_హెచ్ఎఫ్:

మాస్టారూ, ఇవన్నీ ఎందుకు, రేడ్ అనే మోడ్‌కు మారిపోండి. కొత్త ఫ్రీడీవీలో ఉంది. గొంతు ఎస్ఎస్‌బీ కంటే బాగుంటుంది, ప బ గొడవే ఉండదు. నేను 20 మీటర్లలో 14.236 మెగాహెర్ట్జ్ మీద విన్నాను, పక్కన కూర్చుని మాట్లాడినట్టే ఉంది.


వైజాగ్_ఓఎం:

మీరన్నది నిజమే. రేడ్ గొంతు నేనూ విన్నాను, ఎంతో బాగుంది. అది మాటను బిట్లుగా మార్చదు. న్యూరల్ నెట్‌వర్క్ నేర్చుకున్న సింబళ్లను నేరుగా పంపుతుంది. ఓపస్ కోడెక్ రూపకర్తల్లో ఒకరైన జీన్-మార్క్ వాలిన్ పని కూడా అందులో ఉంది. డెమోలో అది కూడా చూపించమని నేనూ అంటాను.

కానీ గాలిలోకి వెళ్లేటప్పుడు అది కూడా పైలట్లున్న ఓఎఫ్‌డీఎమ్మే. తెనాలి ల్యాప్‌టాప్‌లో ఆ 20 మిల్లీసెకన్ల ఖాళీ అలాగే ఉంటే రేడ్ కూడా తడబడుతుంది. ముందు ఆ ఖాళీని పట్టుకోవాలి.


తెనాలి_రిసీవర్:

పది రోజులు పట్టింది, ఆలస్యానికి క్షమించండి. వరసగా రాస్తాను.

నేను బిల్డ్ చేసింది పోర్ట్‌ఆడియోతోనే. ఎప్పుడో చూసిన పాత సూచనల్లో అలా ఉంటే అదే ఇచ్చాను. కేబుల్ పరీక్ష కూడా మీరన్నట్టు నిమిషం దాటలేదు.

మాడ్యులేటర్ ఫైలు నాలుగు నిమిషాలది తీసుకుని డీకోడ్ చేశాం. ఒక్కచోట కూడా తెగలేదు. అదే ఫైలును ప్లేయర్‌తో గాలిలోకి పంపాం. కర్నూలులో రీసింక్ సున్నా. వెంటనే మళ్లీ మైకుతో చదివాను. 1 నిమిషం 37 సెకన్లకు ఒకసారి, 3 నిమిషాల 14 సెకన్లకు ఇంకోసారి. అది చూసి ల్యాబ్‌లో పిల్లలు కేక పెట్టారు. అంతకుముందు వారం ఇదే విషయం మీద నేను బోర్డు మీద వేడి, డ్రిఫ్ట్ అని గంటసేపు పాఠం చెప్పాను, మళ్లీ క్లాసులో దాన్ని సరిదిద్ది చెప్పాను.

వాళ్లు అక్కడితో ఆగలేదు. రెండు కార్డుల నుంచి ఒకేసారి అరగంట నేరుగా రికార్డ్ చేశారు. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి రెండు మైకుల దగ్గరా చప్పట్లు కొట్టి, ఆ రెండు చప్పట్ల మధ్య ఏ కార్డు ఎన్ని శాంపిళ్లు ఇచ్చిందో లెక్కపెట్టారు. తేడా 17,800 దాకా వచ్చింది. అరగంటకు అంత అంటే సెకనుకు పది లోపు, అంటే పది లక్షలకు 206. మీరు వైజాగ్‌లో కూర్చుని కాగితం మీద చెప్పిన అంకె అదే. ఆ పేజీని ప్రాజెక్టు రిపోర్టులో పెడుతున్నారు.

పల్స్‌ఆడియోతో మళ్లీ కట్టాను. పోయిన ఆదివారం పదిహేను నిమిషాలు ఆపకుండా చదివాను, రీసింక్ సున్నా.

డ్రైవ్ సంగతి: మీటరు 6 వాట్ల సగటు చూపిస్తోంది! కార్డును నేరుగా మైకు జాక్‌కు ఇచ్చాను. 10కే, 100 ఓమ్‌ల రెసిస్టర్లతో అటెన్యుయేటర్, ఒక కెపాసిటర్ పెట్టి, 2 వాట్లకు దించాను.

హెడ్‌సెట్, ఆటో ఈక్యూ పెట్టాక బండి బండిగానే వెళ్తోంది. గాలి కూడా సరిపోయింది. తాత–దాత మాత్రం 700డీలో ఇంకా అప్పుడప్పుడు తారుమారు అవుతోంది. 1600లో అవడం లేదు. పిల్లలు 32 జతలు రాసుకుని, హాస్టల్‌లో వినే వాళ్లను పోగేస్తున్నారు. రాయలసీమ అబ్బాయి ఒకరు, తెలంగాణ అమ్మాయి ఒకరు గొంతులు ఇస్తామన్నారు. గొంతు మారితే పొరపాట్లు మారతాయేమో చూడాలని వాళ్ల ఆలోచన, నాది కాదు.

ఒక ప్రశ్న మిగిలింది. 700సీ సోర్స్‌లో గొంతు కంపనం తీర్పు చెప్పే హద్దు ఒకటి ఉంటుంది కదా, దాన్ని కొంచెం జరిపి మన పరుష సరళాలకు మెరుగవుతుందేమో చూడొచ్చా?


కర్నూలు_40మీ:

నా వైపు నుంచి ఒక్క మాట. ఆయన 6 వాట్ల నుంచి 2 వాట్లకు దిగగానే నా దగ్గర ఎస్ఎన్ఆర్ పెరిగింది. స్కాటర్‌లో పూసుకుపోయిన నాలుగు గుంపులు విడిపోయి కనిపించాయి. పవర్ తగ్గిస్తే సిగ్నల్ బాగుపడటం కళ్లారా చూశాను. నా డ్రైవ్ కూడా తగ్గించుకున్నాను.


వైజాగ్_ఓఎం:

మాస్టారూ, చప్పట్ల లెక్క చదివి చాలా సంతోషమేసింది. ఆ ఆలోచన ఎవరిదో ఆ పిల్లలకు నా ఆశీస్సులు చెప్పండి.

హద్దు జరపొచ్చు. ఆ తీర్పు చెప్పేది ఎన్‌కోడర్ వైపు మాత్రమే, కాబట్టి మీరు మార్చినా కర్నూలులో డీకోడర్‌ను ముట్టుకోనక్కర్లేదు. గాలిలో ఫార్మాట్ మారదు, మిగతా వాళ్లతో మాట్లాడటం ఆగిపోదు. అయితే ఒకవైపు జరిపితే "బ" బాగుపడి "ప" పాడవుతుంది, అందుకే ఆ 32 జతల్లో రెండు వైపులా లెక్కపెట్టండి. "స", "శ" ఉన్న మాటలు కూడా నాలుగు చేర్చండి, హద్దు మరీ దించితే ముందు పాడయ్యేవి అవే, గరగరమంటాయి. మార్చే ముందు అసలు సోర్స్‌తో వచ్చిన ఫలితాలు భద్రంగా దాచి పెట్టుకోండి.

ఆదివారం పదింటికి 7.177 ఎల్ఎస్‌బీ మీద నేను కూడా ఉంటాను. ముందు 700డీ, తర్వాత 1600. జతల కాగితం నాకు చూపించకండి, విన్నది విన్నట్టు రాసుకుని సాయంత్రం ఇక్కడ పెడతాను. మా ఆవిడ కూడా ఇంకో కాగితం పట్టుకుని కూర్చుంటానంది.

73